అటక మీద కచేరీలు

వేసవి వచ్చిందంటే చింతలపూడి, నూజివీడు వైపు ఇళ్లలో వరిగడ్డి పరిచి రసాలు మగ్గబెడతారు. ఆ పళ్ల సంబరంలో పడి అటక మీది పాత సూట్‌కేసు సంగతి మర్చిపోకండి. అందులో తాతగారి గ్రామఫోను రికార్డులో, నాన్నగారు రేడియో నుంచి పట్టిన క్యాసెట్లో ఉంటే... పాతసామాన్ల బండికి వేసేయొద్దు. ఇంట్లో సంగీత భాండాగారానికి అంతకన్నా మంచి ఆరంభం ఉండదు!

గ్రామఫోను వాళ్లు మనదేశంలో రికార్డింగులు మొదలుపెట్టింది 1902లో, కలకత్తాలో. లక్క రికార్డుకి ఒక్కోవైపు మూడు నిమిషాలే. అరగంట ఆలాపన చేసే విద్వాంసులూ అందులోనే సర్దుకునేవారు. ఎల్పీలొచ్చాక ఒక్కోవైపు ఇరవై నిమిషాలు దాటింది, రాగానికి ఊపిరాడింది.

కొత్తగా సేకరించేవారు దొరికిందల్లా పోగేయడం కన్నా ఒక దారి పట్టుకోవడం మేలు. నూజివీడు మామిడికే కాదు, వీణల తయారీకీ పేరున్న ఊరు. అందుకని వీణతోనే మొదలుపెట్టొచ్చు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు... ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని వినండి. వాద్యం ఒకటే, బాణీలు వేరు.

అయితే అసలు నిధి కొన్న క్యాసెట్లలో కాదు, ఇంట్లో పట్టిన వాటిలోనే ఉంది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ పనిచేశారు. 'భక్తిరంజని' వింటూ తెల్లవారిన ఇళ్లెన్నో! రేడియోలో వచ్చిన ప్రతి కచేరీ కేంద్రంలో భద్రంగా ఉండాలనేం లేదు. ఒక్కోసారి ఎవరింటి అటక మీదో ఉన్న టేపే మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు.

దానికి శత్రువులు ఎండ, చెమ్మ, బూజు. క్యాసెట్ టేపు మీద తెల్లటి పొర కనిపిస్తే శుభ్రం చేయించేదాకా టేప్‌రికార్డర్లో పెట్టకండి, మెషిన్‌కీ అంటుకుంటుంది. రికార్డుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. లక్క రికార్డుని స్పిరిట్‌తో తుడిస్తే అంతే సంగతులు... లక్క కరిగిపోతుంది. ఎల్పీల సూది వీటికి సరిపోదు, లావు సూది కావాలి.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మొదట వేవ్ ఫైలుగా దాచి, వినడానికి ఎంపీత్రీ విడిగా చేసుకోండి. తొంభై నిమిషాల క్యాసెట్ ఎక్కడానికి గంటన్నర పడుతుంది, అడ్డదారి లేదు. రెండోప్రతి వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి.

రాగం, కర్త, గాయకుడితోపాటు మృదంగం, వయొలిన్ ఎవరిదో కూడా రాసుకోండి. పక్కవాద్యాల వారినే ముందు మర్చిపోతాం. అన్నట్టు, టేపు మొదట్లో వచ్చే అనౌన్సరు మాటల్ని కత్తిరించకండి. అట్టమీది రాత చెరిగిపోయిన క్యాసెట్లో పాడుతున్నదెవరో చెప్పేది ఆ గొంతే.