కుటుంబముతో తొలి ఓడ ప్రయాణము



ఆర్మూరు ప్రాంతమువారికి దూరదేశ ప్రయాణము క్రొత్త కాదు. దుబాయి, మస్కటు, కువైటు అను పేళ్లు ఇచ్చటి పల్లెలలో పొరుగూళ్ల పేళ్లవలె వినబడుచుండును. అయినను విమాన మెక్కినవారు ఇంటింట నుండగా ఓడ యెక్కినవారు మాత్రము అరుదు. 1970 ప్రాంతమున బొంబాయినుండి గల్ఫు రేవులకు 'ద్వారక' మొదలగు స్టీమర్లలో పనివాండ్రు పోవుచుండిరి. 1982లో ఆ ద్వారకయు నిలిచిపోయినది. తరువాతివా రందఱును ఆకాశమార్గముననే పోయిరి.

ఇప్పుడు ఓడ మరల మాటలోనికి వచ్చినది. ఈసారి వచ్చినది విహారము కొఱకు. 2021 సెప్టెంబరులో కార్డీలియా అను సంస్థవారు 'ఎంప్రెస్' అను ఓడను బొంబాయినుండి గోవాకు నడుప నారంభించిరి. అది 1990లో కట్టబడిన ఓడ. పదునొకండు అంతస్తులు గలది. 2022 జూనులో విశాఖపట్టణమునకును వచ్చినది. ఆ రేవున విహార నౌకల కొఱకే నిర్మించిన టెర్మినలు 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. పట్టణములలో చదువుకొను మనుమలు ఈ సంగతులు విని, "తాతా, మనమును పోదము" అని యడుగుచున్నారు. ఇంట ముసలివారున్నారు, చంటిబిడ్డలున్నారు. వ్యయము చేయవలసినది పసుపు సొమ్ము. కనుక, పోదమా వలదా యని నిర్ణయించుటకు ముందు పెద్దలు తెలిసికొనవలసిన విషయములు కొన్ని మనవి చేయుచున్నాను.

ఇట్టి ప్రయాణమును ఇంటిలో ఎవరు మిక్కిలి అశక్తులో వారినుండి లెక్కింప నారంభింపవలెను. సాధారణముగా మనవారు సొమ్మునుండి లెక్క మొదలుపెట్టుదురు, లేదా యువకుల ముచ్చటనుండి మొదలుపెట్టుదురు. మోకాళ్ల నొప్పిగల అవ్వ మెట్లు దిగగలదా, రెండేండ్ల బిడ్డ రెండు రాత్రులు నిదురించునా అనునవి ముందుగా తేలినచో తక్కినవి వానంతట అవియే తేలును.

నీటిపై నెన్నడు పోని కుటుంబము మొట్టమొదటనే సముద్రమునకు పోవుట నాకు సమ్మతము కాదు. ముందొక పూట నదిపై పోయి చూడవలెను. నాగార్జునసాగరమునుండి నాగార్జునకొండకు లాంచీలో పోవుట చిన్న ప్రయాణము. బిడ్డలకు వస్తుప్రదర్శనశాలయు చూపినట్లగును. జలాశయమున తగినంత నీరున్న కాలమున సాగరమునుండి శ్రీశైలమునకు సుమారు 110 కిలోమీటర్లు లాంచీలో పోవచ్చును. భద్రాచల యాత్రకు పోయినవారు పాపికొండలకు పోవుటయు గలదు. మన పోచంపాడు దాటిపోయిన గోదావరియే అచ్చట కొండలనడుమ ఇఱుకున ప్రవహించును. అంత చక్కని తావు తెలుగుదేశమున మఱియొకటి యున్నదో లేదో చెప్పలేను.

కాని ఆ గోదావరిని గూర్చి యొక మాట. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు పోవుచున్న విహారపు బోటు కచ్చులూరువద్ద మునిగినది. అందులో డెబ్బదిమందికి పైగా నుండిరి. బ్రతికి బయటపడినవారు 26 మంది. మృతులలో వరంగల్లు ప్రక్కనున్న కడిపికొండవారు పెక్కండ్రు. నాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పాఱుచుండెను. అట్టి ప్రవాహమున విహారమునకు బోటు విడువకూడదని నీటినెఱిగిన వాడెవడైనను చెప్పును.

శ్రీరాంసాగరపు 42 గేట్లును మూసియున్నవి గదా, దిగువను భయమేమి యని ఇచ్చటివారు తలపవచ్చును. అది సరికాదు. భద్రాచలమునకు వచ్చు వరదలో అధికభాగము ప్రాణహితనుండియు, ఇంద్రావతినుండియు వచ్చును. ఆ రెండును మన ప్రాజెక్టునకు దిగువను గలియును. కనుక ఇచ్చట ఎండ కాయుచున్నను అచ్చట వరద యుండవచ్చును. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక యిత్తురు. అంతవఱకు వేచియుండ నేల? జూలైనుండి అక్టోబరు వఱకు గోదావరిపై విహారమను తలంపే మానుకొనుట మేలు. తక్కిన కాలమునను ప్రతివారికి, బిడ్డలకు సయితము వారి కొలతకు తగిన లైఫు జాకెట్టు ఇచ్చి తొడిగించిన తరువాతనే బోటు కదలవలెను. ఇవ్వనిచో దిగిపొండు. టిక్కెట్టు సొమ్ము పోయెనని చింతింపకుడు.

నదిపై బిడ్డలును పెద్దలును హాయిగా నుండిరేని సముద్రమును గూర్చి యాలోచింపవచ్చును. ఇచ్చట కాలనిర్ణయమే మొదటి చిక్కు. అరేబియా సముద్రము జూనునుండి సెప్టెంబరు వఱకు ఋతుపవనములచే కల్లోలముగా నుండును. డిసెంబరు, జనవరి మాసములు సముద్రమునకు మిక్కిలి అనుకూలములు; కాని అప్పుడు పసుపు చేనులోనే యుండును. త్రవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, పాలిషు పట్టించి, కాడి వేఱు మండ వేఱు చేసి నిజామాబాదు యార్డునకు చేర్చుసరికి మార్చి మాసము వచ్చును. బడికి సెలవు లిచ్చునది ఏప్రిలు చివర. కావున మన కుటుంబములకు ఏప్రిలు కడపటి వారము తగినదని తోచుచున్నది. సొమ్ము చేతికి వచ్చియుండును, ఋతుపవనము ఇంకను రాదు. మే మధ్యనుండి తుఫానుల భయ మున్నది గనుక అంతకుమించి జాగు చేయరాదు.

పసుపు అమ్మకముందే టిక్కెట్లు కొనుట మాత్రము వలదు. ముందు కొన్నవారికి ధర తగ్గుననుట నిజమే. కాని పసుపు ధర యెట్లుండునో మీకు నేను చెప్పవలెనా? 2019 పార్లమెంటు ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీ చేసిరి. వారిలో అత్యధికులు మద్దతు ధర కోరి నిలిచిన రైతులే. ముందుకొని పిదప మానుకొన్నచో ఓడవారు తిరిగి యిచ్చు సొమ్ము, ప్రయాణపు దినము సమీపించుకొలది తగ్గుచుండును. ఆ నిబంధన చదివి మఱి సొమ్ము కట్టవలెను.

ప్రకటనలలో కనబడు ధర ఇద్దఱికొక గది లెక్కను ఒక్కొక్కరికి చెప్పునది. దానిపై రేవు రుసుము, పన్ను చేరును. భోజనము సామాన్యముగా టిక్కెట్టులోనే చేరియుండును, శాకాహారమును దొరకును. మద్యము, జూదశాల, ఒడ్డున వాహనములు, వైద్యుని రుసుము — ఇవి వేఱు. మొత్తమెంతయో కాగితముపై వ్రాయించుకొని, ఇంటినుండి రేవునకు రాకపోకల ఖర్చును కలిపి చూచుకొనవలెను.

గది విషయమున యువకులు పై అంతస్తు కోరుదురు. ఓడ ఊగుట పై అంతస్తులలోను కొసలలోను ఎక్కువ. నడుమ, క్రింది అంతస్తులలో తక్కువ. ఇది ఎద్దులబండి యెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వాంతి భయమున్నవారికి నడిభాగమున కిటికీ గది మేలు. దూరమున నిలుకడగా కనబడు దిగంతరేఖను చూచుచుండిన తలత్రిప్పుట తగ్గును. బాల్కనీ గది చంటిబిడ్డలున్న ఇంటికి వలదని నా యభిప్రాయము. ప్రయాణపు వాంతులకు వాడు ప్రోమెథజీన్ మాత్రలు రెండేండ్లలోపు బిడ్డల కీయరాదు. కంటిలో నీటికాసులు, ప్రోస్టేటు బాధ గల పెద్దలు వైద్యు నడుగక వేసికొనరాదు. పెక్కు ఓడలవారు ఆఱు నెలలలోపు శిశువులను, 24 వారములు దాటిన గర్భిణులను ఎక్కించుకొనరు. తొలిసారి పోవువారికి బొంబాయి, గోవాల నడుమ రెండు రాత్రుల ప్రయాణము చాలును. లక్షద్వీపములు సొగసైనవే, కాని అచ్చట పెద్ద ఓడనుండి చిన్న పడవలోనికి దిగి ఒడ్డు చేరవలెను. మోకాళ్ల నొప్పులవారికి అది కష్టము.

ఓడ యెక్కిన పిమ్మట అపాయకాలమున ఎచ్చట గుమిగూడవలెనో చూపు కవాతొకటి జరుపుదురు. దానిని వేడుకగా తలచి గదిలో కూర్చుండకుడు. 2012 జనవరి 13వ తేదీన ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా అను విహార నౌక ఱాతికి తగిలి ఒరిగిపోయినది. 32 మంది మరణించిరి. ఆనాడే యెక్కిన వందలాది ప్రయాణికులకు ఆ కవాతు ఇంకను జరుగలేదు. అటుపిమ్మట, ఓడ కదలుటకు ముందుగాని కదలిన వెంటనే గాని దానిని జరిపి తీరవలెనని అంతర్జాతీయ నియమమును సవరించిరి. అది 2015 జనవరి మొదటి తేదీనుండి అమలు జరుగుచున్నది. కవాతు వేళ బిడ్డల కొలత జాకెట్టు ఎచ్చట నున్నదో అడిగి చూచుకొనుడు. అవ్వ చేయి ఎవరు పట్టుకొనవలెను, బిడ్డ నెవరు ఎత్తుకొనవలెను అనునది అప్పుడే నిర్ణయించుకొనుడు.

బొంబాయికి నిజామాబాదునుండి దేవగిరి ఎక్స్‌ప్రెస్సు గలదు. ఓడ కదలు దినముననే దిగునట్లు పోవుట వలదు. ఒకనాడు ముందుగా చేరి విశ్రమింపవలెను. బల్లార్డు పియరు టెర్మినలున ఓడ విడుచుటకు చాల ముందుగానే ద్వారము మూయుదురు. దేశములోని రేవులకే పోవునప్పుడు ఆధారు కార్డు వంటి గుర్తింపు పత్రము, బిడ్డలకు జనన పత్రము తీసికొనిపోవలెను. సింహళమువంటి పరదేశమునకు పోవు ఓడకు పాసుపోర్టు కావలెను. రేవున పెట్టెలు తీసికొని గదికి చేర్చుటకు గంటలకొలది పట్టవచ్చును. కనుక చక్కెరవ్యాధి, రక్తపుపోటు మందులు, బిడ్డల పాలడబ్బా, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుంచుకొనవలెను.