ధ్రువాల మంచు, మన చదువు



మన ట్రస్టు ఉపకార వేతనాల ఎంపికలో నేనూ పాలుపంచుకుంటున్నందువల్ల ఏటా చాలామంది పిల్లలతో మాట్లాడే అవకాశం దొరుకుతుంది. భూతాపం గురించి అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతారు. ధ్రువాల మంచు కరుగుతుంది, ఎలుగుబంట్లు అంతరించిపోతాయి, సముద్రమట్టం పెరుగుతుంది అంటారు. అది తప్పు కాదు. కాని మంచు తగ్గితే అక్కడి జీవులకు అసలు ఏమవుతుంది, వాటిని కాపాడటం ఎవరి చేతిలో ఉంది అని మరో ప్రశ్న వేస్తే మౌనమే జవాబు. వానలకు ముఖం వాచిన ధర్మపురికి ధ్రువాల గొడవ ఎందుకండీ అనే పెద్దలూ ఉన్నారు. ఇద్దరికీ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మంచే ఇల్లు, మంచే పొలం

తెల్ల ఎలుగుబంటి, పెంగ్విన్ పక్కపక్కన నిలబడినట్టు కొన్ని బొమ్మల్లో కనిపిస్తుంది. నిజానికి అవి ఎన్నడూ ఎదురుపడవు. ఎలుగుబంటి ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉంటుంది. అది చుట్టూ నేల ఉన్న సముద్రం. ఎంపరర్ పెంగ్విన్ దక్షిణాన అంటార్కటికాలో ఉంటుంది. అది చుట్టూ సముద్రం ఉన్న నేల.

రెండు చోట్లా సముద్రపు నీరు పైన గడ్డకట్టి మంచు పలకలా పరచుకుంటుంది. ఆ పలక అడుగున కంటికి కనిపించనంత సన్నని నాచు పెరుగుతుంది. అంటార్కటికా సముద్రంలో రొయ్యను పోలిన క్రిల్ అనే చిన్న ప్రాణి ఉంది. చలికాలంలో క్రిల్ పిల్లలకు ఆ నాచే ముఖ్యమైన మేత. క్రిల్‌ను పెంగ్విన్లు, సీల్ జంతువులు, తిమింగలాలు తిని బతుకుతాయి. అంటే మనకు పొలం ఎలాగో వాటికి ఆ మంచు అలాగ.

ఎంపరర్ పెంగ్విన్‌కు మంచు పురిటిల్లు కూడా. అది సముద్రపు మంచు మీదే గుడ్డు పెట్టి పిల్లను సాకుతుంది. నీటికి తడవని ఈకలు వచ్చేదాకా పిల్ల ఈదలేదు. 2022లో అంటార్కటికాలోని బెల్లింగ్స్‌హౌసెన్ సముద్ర ప్రాంతంలో మంచు ముందుగానే విరిగిపోయింది. అక్కడి ఐదు పెంగ్విన్ స్థావరాల్లో నాలుగింటిలో ఆ ఏడు పిల్లలు దక్కలేదని ఉపగ్రహ చిత్రాలు చూసి 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

సున్నం కొట్టిన మిద్దె

ఎండాకాలంలో సున్నం కొట్టిన మిద్దె మీద కాలు పెట్టగలం. తారు రోడ్డు మీద పెట్టలేం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, నలుపు తాగేస్తుంది. ధ్రువాల దగ్గర జరిగేదీ ఇదే. తాజా మంచు తన మీద పడిన ఎండలో నూటికి 80 వంతులకు పైగా వెనక్కి పంపుతుంది. మంచు కరిగి నల్లని సముద్రం బయటపడితే ఆ వేడిలో చాలా భాగం నీటిలోకి పోతుంది. ఆ నీరు మరికొంత మంచును కరిగిస్తుంది. ఇదొక సుడిలాంటిది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2012 సెప్టెంబరులో అక్కడి సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అంతకు ముందు మూడు దశాబ్దాల సగటుతో పోలిస్తే అది ఇంచుమించు సగమే.

హైదరాబాదులో అంటార్కటికా

ఇదంతా ఎక్కడో జరిగే పరిశోధన అనుకోకండి. మన దేశం మొదటి అంటార్కటికా యాత్ర 1981లో బయలుదేరింది. అక్కడ మన మైత్రి కేంద్రం 1989 నుంచి, భారతి కేంద్రం 2012 నుంచి పనిచేస్తున్నాయి. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలోని సూక్ష్మజీవులను హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన డాక్టర్ ఎస్. శివాజీ, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పరిశీలించారు. అంతవరకు లోకానికి తెలియని ఒక బ్యాక్టీరియాను గుర్తించి, 1992లో దానికి అంటార్కటికా పేరు కలిసేలా స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరు పెట్టారు.

అంత చలిలో ఆ జీవి ఎలా బతుకుతుంది? మార్గశిర మాసంలో మన ఇంట్లో కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది, వేరుశెనగ నూనె కట్టదు. రెండింటిలోని కొవ్వు ఆమ్లాల తేడాయే కారణం. ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. అది గడ్డకడితే కణానికి ఆహారం రాదు, ప్రాణం నిలవదు. చలి ప్రాంతపు బ్యాక్టీరియా తన పొరలో సులభంగా గడ్డకట్టని రకం కొవ్వును పెంచుకుంటుంది. మామిడి పండుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు వీటిలో కొన్నింటికి ఉన్నాయి. పొర బిగువును సరిచూడటంలో వాటికీ పాత్ర ఉండవచ్చని హైదరాబాదు శాస్త్రవేత్తలు సూచించారు. చలికి ఇంత చక్కగా అమరిన జీవికి వేడి పెరగడమే పరీక్ష. 

చెన్నై నుంచి ఆర్కిటిక్‌కు

ఉత్తరాన నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో మన హిమాద్రి కేంద్రం 2008లో మొదలైంది. 2014 జూలైలో అక్కడి సముద్రపు పాయలో సుమారు 190 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల వరుసను దించారు. నీటి వేడినీ ఉప్పదనాన్నీ ప్రవాహాలనూ అది కొలుస్తుంది. దానిని రూపొందించడంలో మన చెన్నై పల్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పాలుపంచుకుంది.

ఆర్కిటిక్‌లోని కారా సముద్రపు మంచు తగ్గడానికీ, మన దేశంలో నైరుతి రుతుపవనాల చివరి దశలో కురిసే అతి భారీ వర్షాలకూ సంబంధం ఉండవచ్చని మన శాస్త్రవేత్తలు 2021లో ఒక వ్యాసం ప్రచురించారు. ఉండవచ్చు అన్న మాటను పిల్లలు గమనించాలి. మన ఊరి బోరు ఎండిపోవడానికి ఆర్కిటిక్ మంచే కారణమని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. బోర్లు లోతుకు పోవడంలో మన తోడకమూ ఉంది, పూడిపోయిన చెరువులూ ఉన్నాయి. అయినా మన కావేరికి నీళ్లిచ్చే రుతుపవనం ప్రపంచపు గాలులతో ముడిపడినదే. ఆ గాలుల లెక్కలో ధ్రువాలూ ఉన్నాయి.

కంచె వేయగలిగినదీ, వేయలేనిదీ

ధ్రువాలను కాపాడటంలో రెండు భాగాలున్నాయి. మొదటిది చట్టంతో అయ్యే పని. అంటార్కటికాలో గనులు తవ్వకూడదని 1991లో మాడ్రిడ్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా 2017 డిసెంబరు నుంచి రక్షిత ప్రాంతం. ఆర్కిటిక్ నడిమి సముద్రంలో విచ్చలవిడిగా చేపలు పట్టకుండా మరో ఒప్పందం 2021లో అమలులోకి వచ్చింది. మన పార్లమెంటు 2022లో భారత అంటార్కటికా చట్టం చేసింది. శుద్ధి చేయని మట్టిని అక్కడికి తీసుకువెళ్లడం కూడా ఆ చట్టం ప్రకారం నేరం. బూటుకు అంటిన ఒక్క విత్తనం ఏం చేస్తుందని అడిగేవారికి మన చెరువుల్లో నిండిన సర్కారు తుమ్మను చూపిస్తే చాలు. తమిళంలో సీమై కరువేలం అనే ఆ చెట్టు బయటి నుంచి వచ్చినదే.

రెండవ భాగం కష్టమైనది. వేడికి కంచె లేదు. బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చిన బొగ్గుపులుసు వాయువు ఏ దేశంలో పుట్టినా అందరి గాలిలో కలుస్తుంది. ఎంత మంచి రక్షిత ప్రాంతమైనా దానిని ఆపలేదు. అంటే ధ్రువాల రక్షణలో సగం పని అక్కడ జరిగితే, మిగతా సగం కరెంటు, బస్సు, ఫ్యాక్టరీ ఉన్న ప్రతి ఊళ్లోనూ జరగాలి. ఇందులో ధనిక దేశాల బాధ్యత ఎక్కువ. అందుకని మన వంతు లేకుండా పోదు.

చదువుకునే పిల్లలకు

ధ్రువ పరిశోధన అంటే పెద్ద నగరాల పిల్లలకే అని వెనుకాడవద్దు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం మన యాత్రలను నడుపుతుంది. జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం ఏది చదివినా అక్కడ పని ఉంది. శాస్త్రవేత్తలతో పాటు డాక్టరు, వంటమనిషి, ఎలక్ట్రీషియను, వాహనాల మెకానిక్కు కూడా అక్కడి చలికాలమంతా గడపాలి. వారు లేనిదే కేంద్రం ఒక్క రోజు నడవదు. కాబట్టి ఐ.టి.ఐ. చదివే పిల్లలు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఎందుకు, ఎలా అని అడిగినప్పుడు విసుక్కోకండి. జవాబు తెలియకపోతే కలిసి వెతకండి. మార్కులు తెచ్చే జవాబు పరీక్షతో ముగుస్తుంది. ఎందుకు అన్న ప్రశ్న వాళ్లను చాలా దూరం తీసుకుపోతుంది.