పెద్ద వజ్రం కన్నా చిన్న వజ్రం ఎందుకు ఎక్కువ మెరుస్తుంది?

రెండు వజ్రాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక్కోసారి పెద్దది గాజుముక్కలా వెలవెలబోగా చిన్నది నిప్పురవ్వలా మెరవడం పిల్లలకు వింతగా తోస్తుంది. దీని గుట్టు తెలియాలంటే గాజుగ్లాసులో నీళ్లు పోసి, కంటికి కాస్త పైకి ఎత్తి, కింది నుంచి ఏటవాలుగా నీటి పైతలాన్ని చూడాలి. లోపలి నుంచి బాగా వాలుగా వచ్చిన వెలుగు బయటికి పోలేక వెనక్కి మళ్లుతుంది కనుక, ఆ తలం వెండిరేకులా తళతళలాడుతుంది.

వజ్రంలో ఈ గుణం నీటికన్నా ఎంతో ఎక్కువ. పైముఖం గుండా లోపలికి వెళ్లిన వెలుగు అడుగున ఉన్న వాలు పలకలకు తగిలి, ఒకదాని నుంచి మరొకదానికి మళ్లి, తిరిగి పైనుంచే కంటికి చేరుతుంది. అడుగుభాగం మరీ లోతుగానో మరీ పలుచగానో ఉంటే మాత్రం, చిల్లుకుండలోని నీళ్లలా ఆ వెలుగు కిందికి కారిపోతుంది. అందుకే కొనేముందు అన్నిటికన్నా మొదట చూడవలసినది సానపట్టిన తీరే.

కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరు, 1851లో లండన్ ప్రదర్శనకు వచ్చినవారిని నిరాశపరచడంతో, 1852లో దాన్ని మళ్లీ సానపట్టించారు. మెరుపు కోసం, ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల రాయి సుమారు 106 క్యారెట్లకు తగ్గింది. వజ్రాల లెక్కలో క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు బరువు. బంగారం స్వచ్ఛతను చెప్పే క్యారెట్ వేరు.

ఇక రంగు సంగతికి వస్తే, తెల్లకాగితం మీద రాయిని బోర్లించి చూసినప్పుడు పసుపు ఛాయ ఎంత తక్కువగా ఉంటే విలువ అంత ఎక్కువ. లోపలి మచ్చలను పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పరీక్షిస్తారు గాని, మామూలు కంటికి కనిపించనంత చిన్న మచ్చ మెరుపును తగ్గించదు.