జిర్కోనియా సిరామిక్ పదార్థాలు: ధర్మాలు, వినియోగం – కోనసీమ తీర నేపథ్యం

గోదావరి డెల్టా తీరంలో అల వెనుదిరిగినచోట నల్లని చారలుగా నిలిచే ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్‌లతో పాటు జిర్కాన్ కూడా ఉంటుంది. సాధారణ ఇసుక సాంద్రత 2.65 కాగా జిర్కాన్‌ది దాదాపు 4.6. అందుచేత తేలిక రేణువులను అల లాగుకొనిపోగా ఇది ఒడ్డున మిగులుతుంది. రాయవరం తీరానికి ఎడంగా ఉన్న ఊరు. అటువంటి ఊళ్లవారికి జిర్కోనియా పరిచయమయ్యేది సాధారణంగా పంటి తొడుగు రూపంలోనే.

‘సిరామిక్’కు ‘పింగాణీ’ అని తెలుగు చేయడం పరిపాటి. జిర్కోనియా విషయంలో ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. ఇందులో బంకమన్ను లేదు, పింగాణీకి ఉన్నంత పెళుసుదనమూ లేదు.

జిర్కాన్‌ను కాస్టిక్ సోడాతో వేడిచేసి సిలికాను తొలగిస్తే జిర్కోనియం సమ్మేళనాలు, వాటినుండి జిర్కోనియా లభిస్తాయి. దీని ద్రవీభవన స్థానం సుమారు 2,700 డిగ్రీల సెల్సియస్. అయితే శుద్ధ జిర్కోనియాతో వస్తువు చేయడం కష్టం. కాల్చి చల్లార్చేటప్పుడు దాని స్ఫటిక నిర్మాణం మారి, ఘనపరిమాణం 4, 5 శాతం పెరిగి, వస్తువు పగిలిపోతుంది. కొద్దిగా యిట్రియా చేర్చితే అధికోష్ణ స్ఫటికరూపం గది ఉష్ణోగ్రతలోనూ నిలుస్తుంది. విశేషమేమంటే, పగులు ప్రవేశించినప్పుడు దాని కొన వద్ద ఉన్న రేణువులు మాత్రమే రూపం మార్చుకొని ఉబ్బి, ఆ పగులునే నొక్కిపట్టుతాయి. వస్తువును చెరిపిన గుణమే దానికి రక్షణ అయింది! గార్వీ, హానింక్, పాస్కో 1975లో ఈ సూత్రాన్ని ప్రకటించారు.

పంటి తొడుగులు, కత్తులు, పంపు భాగాలు ఈ దృఢత్వం మీదనే ఆధారపడినవి. ఉష్ణవాహకత తక్కువ కనుక విమాన ఇంజన్ల టర్బైన్ రెక్కలకు పూతగానూ, వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయాన్లను ప్రసరింపజేస్తుంది కనుక వాహనాల ఆక్సిజన్ సెన్సర్లలోనూ వాడుతారు. లోపం లేకపోలేదు: తేమ, వెచ్చదనం దీర్ఘకాలం సోకితే ఉపరితలంలో ఆ రూపాంతరం దానంతటదే మొదలవుతుంది. ఈ అంశం శరీరంలో అమర్చే భాగాల విషయంలో ప్రధానం.

హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్‌నుండి లోహాన్ని తీస్తుంది. అణు ఇంధన గొట్టాలకు హాఫ్నియంను పూర్తిగా వేరుచేయక తప్పదు. సిరామిక్‌కు ఆ శ్రమ అవసరం లేదు. అయినా జిర్కాన్‌లో అధికభాగం నేటికీ పొడిగా టైల్స్‌కు తెలుపునిచ్చేందుకే పోతున్నది. ఆ సాధారణ వినియోగం కోసం ఇసుక తీసే చోట తీరపు తిన్నెలూ లెక్కలోకి రావాలి. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమకు తిన్నె అంటే ఖనిజపు కుప్ప మాత్రమే కాదు.