మండుటెండలో మోటారుసైకిలు: ఇంజను నూనె వేడెక్కిన ఏమగును?

మే నెల మధ్యాహ్నము కడియము నర్సరీలలో తిరిగినవారికి ఒక విశేషము కనుపించును. నీడవలల క్రింద క్రోటనులు, మందారములు, మామిడి అంట్లు పచ్చగా, చల్లగా నిలిచియుండును. వాటి ప్రక్కనే అప్పుడే వచ్చి ఆగిన మోటారుసైకిలు ఇంజను మాత్రము చేయి తగిలిన బొబ్బలెక్కునంత వేడిగా నుండును. మొక్క తన ఆకులనుండి నీటిని ఆవిరిగా విడిచి, ఆ ఆవిరితోపాటు తన వేడిని కొంత పోగొట్టుకొనుచున్నది. ఇంజనుకు అట్టి వసతి లేదు. తనలో పుట్టిన వేడిని చుట్టునున్న గాలికి అప్పగించుటయే దానికి తెలిసిన మార్గము. ఆ గాలియే 43, 44 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో వీచుచున్నప్పుడు ఇంజనుకు కష్టకాలము వచ్చినదన్నమాట.

ఈ ప్రాంతమున మోటారుసైకిలు విలాసవస్తువు కాదు. కడియపులంకనుండి రాజమహేంద్రవరమునకు, చుట్టుపట్ల గ్రామములకు మొక్కలను, కుండీలను, ఎరువు బస్తాలను చేరవేయు చిన్న వర్తకునకు అదియే బండి, అదియే బ్రతుకుతెరువు. నూనె సంగతి మరచినచో ఒకనాడు ఇంజను "పట్టివేయును". అప్పుడు బోరు చేయించి, పిస్టను మార్పించుటకు నెల సంపాదన కరగిపోవును. అంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి కలదు. లారీలు పరుగెత్తు 16వ నెంబరు జాతీయ రహదారిమీద పోవుచుండగా ఇంజను హఠాత్తుగా పట్టివేసినచో వెనుక చక్రము తిరుగుట మాని, బండి జారి పడవచ్చును. కావున ఈ నూనె విషయమై నాలుగు మాటలు తెలిసికొనుట అందరికిని అవసరము.

వేడి ఎక్కడినుండి వచ్చును?

సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండునప్పుడు వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటును. పిస్టను అల్యూమినియము మిశ్రలోహముతో చేసినది. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. మరి పిస్టను ఎందుకు కరగదు? మంట ఒక్కొక్క పర్యాయము రెప్పపాటుకంటె తక్కువ కాలమే ఉండును. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగునప్పుడు నాలుగు ఘాతముల యంత్రములో సెకనుకు సుమారు 33 మంటలు లేచి ఆరును. ఆ మంటలనుండి పిస్టను గ్రహించిన వేడి రింగులద్వారా సిలిండరు గోడకును, అక్కడినుండి బయటి రెక్కలకును పోవును. మరికొంత వేడిని నూనె మోసికొనిపోవును.

పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రమును త్రిప్పుటకు ఉపయోగపడును. మూడవ వంతువరకు సైలెన్సరు గుండ వేడిపొగగా పోవును. మిగిలినదంతయు ఇంజను శరీరములోనికి వేడిగా దిగును. సిలిండరు చుట్టును దువ్వెన పండ్లవలె కనుపించు రెక్కలు అలంకారమునకు పెట్టినవి కావు. గాలి తగులు వైశాల్యమును పెంచి ఈ వేడిని వెలుపలికి పంపుటకే వాటిని ఏర్పరచిరి.

నూనె చేయు పనులు

నూనె రాపిడిని తగ్గించునని అందరికిని తెలియును. అది చేయు పనులు మరి మూడు కలవు. పిస్టను అడుగునుండి, బేరింగులనుండి వేడిని మోసికొనిపోవును. మసిని, లోహపు పొడిని తనలో కలుపుకొని భాగములను శుభ్రపరచును. రింగులకును గోడకును నడుమ పలుచని పొరగా నిలిచి వాయువులు జారిపోకుండ కాపాడును. కారులో గేరుపెట్టెకు వేరే నూనె ఉండును. సాధారణపు మోటారుసైకిలులో మాత్రము ఇంజనుకు, గేర్లకు, క్లచ్చి పలకలకు అన్నింటికిని ఒకటే నూనె. నూరు సీసీల బండిలో అది సుమారు ఒక లీటరు మాత్రమే. పాతకాలపు రెండు ఘాతముల బండ్లలో నూనె పెట్రోలుతో కలిసి మండిపోయెడిది. ఇచ్చట చెప్పునది నాలుగు ఘాతముల బండ్లను గురించియే.

నూనె పొర లోహమును ఎట్లు మోయును? 1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచు బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసి, దానిని బిరడాతో మూసెను. ఇరుసు తిరుగగనే నూనె ఆ బిరడాను బయటికి నెట్టివేసెను! నూనెలో గొప్ప ఒత్తిడి పుట్టుచున్నదని దీనివలన తేలినది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితసిద్ధాంతమును కూర్చెను. తిరుగుచున్న ఇరుసు తనతో నూనెను లాగికొని సన్నని సందులోనికి నెట్టును. అక్కడ ఇరుకున పడిన నూనె ఒత్తిడి ఇరుసును పైకెత్తి తేల్చును. లోహము లోహమును తాకదు. ఈ పొర మందము మన వెండ్రుకలో పదవ వంతుకూడ ఉండదు. అయినను ఇంజను ప్రాణమంతయు దానిలోనే యున్నది.

నూనె పలుచబడుట

బెల్లపు పాకమును చూడుడు. పొయ్యిమీద నున్నంతసేపు జారుగా ఉండి, చల్లారిన కొలది చిక్కబడును. నూనెయు అంతే. ద్రవము ప్రవహించుటకు చూపు ఈ ఎదిరింపునకే స్నిగ్ధత అని పేరు. 40వ గ్రేడు నూనె స్నిగ్ధత 40 డిగ్రీలవద్ద ఎంత యుండునో, 100 డిగ్రీలవద్ద దానిలో ఇంచుమించు పదవ వంతు మాత్రమే యుండును. 130 డిగ్రీలకు పోయినచో అందులోను సగము. నూనె పలుచనైన కొలది పొరయు పలుచనగును. తుదకు లోహము లోహమునకు రాసికొనును. ఆ రాపిడివలన మరింత వేడి, ఆ వేడివలన నూనె మరింత పలుచన. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొనుచు పోయి పిస్టను గోడకు పట్టుకొనును.

అట్లని నూనె చల్లగా ఉండుట మేలని తలపరాదు. మంటలో పుట్టిన నీటియావిరి కొంత నూనెలో చేరుచుండును. నూనె తగినంత కాగినప్పుడే ఆ నీరు ఆవిరియై పోవును. 90 మొదలు 110 డిగ్రీలవరకు నూనెకు ఆరోగ్యమైన ఉష్ణోగ్రత యని చెప్పవచ్చును. ఆ పైన 120, 130 డిగ్రీలవద్ద చాలకాలము నడుచుటయే కీడు.

ఎండ తెచ్చు మార్పు

వేడి వస్తువునుండి గాలికి పోవు వేడి ఆ రెంటి ఉష్ణోగ్రతల భేదమునుబట్టి యుండునని న్యూటను చెప్పెను. దీనినిబట్టి ఒక చిన్న లెక్క వేసికొందము. పుష్యమాసపు ఉదయమున గాలి 20 డిగ్రీలు, ఇంజను నూనె 95 డిగ్రీలు అనుకొనుడు. అదే బండి, అదే బరువుతో, అదే వేగముతో మే నెలలో 44 డిగ్రీల గాలిలో పోవుచున్నది. పుట్టు వేడి మారలేదు. కావున అంతే వేడి బయటికి పోవలెనన్న అంతే భేదము ఉండవలెను. గాలి 24 డిగ్రీలు పెరిగినది గనుక నూనెయు ఇంచుమించు 24 డిగ్రీలు పెరిగి 119 డిగ్రీలకు చేరును. దీనికి తోడు బరువెక్కువై, ఎదురుగాలి తగులకున్నచో ఇంకను పెరుగును.

ఇక రసాయనశాస్త్రపు లెక్క. వేడినూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి ఆమ్లములుగాను, జిగురుగాను మారును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ఈ మార్పు వేగము సుమారు రెట్టింపగునని స్థూలసూత్రము. అట్లైనచో 24 డిగ్రీలకు అది అయిదు రెట్లగును! నూనె పాడగుటకు మసి, ధూళి, నీరు మొదలగు ఇతర కారణములును ఉండుటచే దాని ఆయువు అయిదవ వంతుకు పడిపోవునని కాదు. కాని శీతకాలమున సరిపోయిన గడువు ఎండకాలమునకు సరిపోదని మాత్రము స్పష్టము.

డబ్బామీది అంకెలు

నూనె డబ్బామీద 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 అని వ్రాసియుండును. "డబ్ల్యు" అనగా చలికాలము. మొదటి అంకె చలిలో నూనె ఎంత సులువుగా కదలునో చెప్పును. రెండవది 100 డిగ్రీలవద్ద అది ఎంత చిక్కగా నిలుచునో చెప్పును. మంచు ఎరుగని గోదావరి తీరమున రెండవ అంకెయే ముఖ్యము. అయినను "చిక్కనిదే మేలు" అని తోచినది పోయరాదు. సన్నని దారులలో సాగుటకు తగిన గ్రేడును ఇంజను చేసినవారు నిర్ణయింతురు. మిక్కిలి చిక్కని నూనెను చిలుకుటకే శక్తి వ్యయమై వేడి పుట్టును. బండితో ఇచ్చిన పుస్తకములో వేసవికి చిక్కని గ్రేడును అనుమతించినచో దానిని వాడవచ్చును. లేకున్న చెప్పినదే పోయవలెను. కొన్ని కారు నూనెలలో రాపిడిని మరింత తగ్గించు ద్రవ్యములు కలుపుదురు. వాటివలన మోటారుసైకిలు క్లచ్చి జారును. జారినచోట మరల వేడి. అందుచేత డబ్బామీద "జె.ఎ.ఎస్.ఒ. ఎం.ఎ." అను గుర్తు ఉన్నదేమో చూచుకొనవలెను. సింథెటికు నూనెలు వేడికి ఎక్కువ ఓర్చును గాని, వాటికిని గడువు ఉన్నది.

చేయదగినవి, చేయరానివి

నర్సరీ బండ్లకు వచ్చు మొదటి చిక్కు మట్టి. ఒండ్రుమట్టి, కొబ్బరిపొట్టు రెక్కల నడుమ చేరి ఎండిపోయినచో రెక్కలకు దుప్పటి కప్పినట్లగును. ఇంజను చల్లారిన పిమ్మట వాటిని కడిగి శుభ్రపరచవలెను. రెండవది సామాను కట్టు పద్ధతి. కాళ్ళకు ముందుప్రక్క గోనెలు, కుండీలు వ్రేలాడదీసినచో రెక్కలకు ఎదురుగాలి తగులదు. బరువును వెనుకకు, బండి మోయగలిగినంతవరకే కట్టవలెను.

మూడవది నూనె మట్టము. నూనె తగ్గినచో ఉన్న కొద్దినూనెయే వేడినంతయు మోయవలసియుండును. ఎక్కువ పోసినను చిలుకబడి నురుగెక్కి వేడెక్కును. వారమునకొకసారి బండిని సమతలమున నిలిపి, పుల్లమీద రెండు గీతలకు నడుమ నూనె ఉన్నదా యని చూడవలెను. నూనె నల్లబడుట మాత్రమే దోషము కాదు. మసిని కడుగు నూనె నల్లబడక తప్పదు. మాడిన వాసన, జిగట కనుపించిన వెంటనే మార్చవలెను. బరువులు మోయు బండికి వేసవిలో చెప్పిన గడువుకంటె ముందే మార్చుట మంచిది.

నాలుగవది నడుపు తీరు. బండి ఆగియుండి ఇంజను తిరుగుచున్నప్పుడు వేడి పుట్టును గాని గాలి వీవదు. రైలు గేటువద్ద నిలువవలసివచ్చిన ఇంజనును ఆపివేయవలెను. గాలి తక్కువైన టైర్లు, పట్టియున్న బ్రేకు, బిగువైన గొలుసు ఇంజనుకు అనవసరపు బరువు. బలము తగ్గుట, టకటకమను చప్పుడు, గేర్లు మొరాయించుట, మాడువాసన ఇవి హెచ్చరికలు. అప్పుడు నీడకు చేర్చి, ఇంజను ఆపి, అరగంట విడువవలెను. తొందరపడి నీళ్ళు కుమ్మరించరాదు. వేడిలోహము ఒకప్రక్క హఠాత్తుగా ముడుచుకొని పగులవచ్చును.

ఇంజనీర్లును ఊరకుండలేదు. జపానులో సుజుకీ సంస్థ 1985లో జి.ఎస్.ఎక్స్.-ఆర్. 750 అను బండిలో నూనెతోనే ఇంజనును చల్లార్చు పద్ధతిని ప్రవేశపెట్టినది. మన దేశమున 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండికి నూనెను చల్లార్చు చిన్న రేడియేటరును అమర్చిరి. కాని నూరు సీసీల సామాన్యపు బండికి రెక్కలే రేడియేటరు, యజమాని శ్రద్ధయే పంకా.

చివరిమాట ఒకటి మిగిలియున్నది. మార్చిన పాతనూనె ఎక్కడికి పోవలెను? 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి తూర్పు డెల్టాను కాలువలే పోషించుచున్నవి. ఆ నీటిలో పోసిన నూనె పలుచని పొరగా పరచుకొని నీటికి గాలి అందనీయదు. దానిలోని లోహపు పొడి, మసి మట్టిలో చేరును. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగానే ఎంచినవి. కావున దానిని మూతగల డబ్బాలో పట్టి, తిరిగి శుద్ధిచేయువారికి చేరవేయు దుకాణములో ఇయ్యవలెను. బండిలో ఉన్నంతకాలము ఇంజనును కాపాడిన నూనె, బండి విడిచిన పిమ్మట మొక్కను చంపరాదు గదా!