విశ్రాంత అపరాధ పరిశోధకుడు (దృశ్య నేరకథలు)

విశ్రాంత అపరాధ పరిశోధకుడు టెలివిజన్ నేరకథలలో తరచుగా కనిపించే ఒక ప్రధాన పాత్ర. పోలీసు ఉద్యోగం నుండి పదవీ విరమణ చేసిన, లేదా మధ్యలోనే ఉద్యోగం వదలిన పరిశోధకుడు భార్యనో, బిడ్డనో, సహచరుడినో పోగొట్టుకున్న దుఃఖంలో ఉండగా మళ్ళీ ఒక నేరాన్ని ఛేదించవలసి రావడం ఈ కథల సామాన్య లక్షణం. ఆంగ్ల టెలివిజన్‌లో ఈ పాత్రకు గత రెండు దశాబ్దాలలో మంచి ఆదరణ లభించింది. తెలుగులో దీనికి అతి సమీపమైన ఉదాహరణ టెలివిజన్ ధారావాహిక కాదు, అరకు నేపథ్యంలో వచ్చిన 'శేఖర్' (2022) అనే చలనచిత్రం.

పాత్ర స్వభావం

ఉద్యోగంలో ఉన్న పోలీసు అధికారికి కేసు విధి నిర్వహణలో భాగంగా వస్తుంది. ప్రైవేటు డిటెక్టివ్ వద్దకు ఫీజు చెల్లించే వ్యక్తి కేసును తెస్తాడు. విశ్రాంత పరిశోధకునికి ఈ రెండూ లేవు. అతడు ఇంటి గడప దాటి నేరస్థలానికి వెళ్ళాలంటే కథకుడు ఏదో ఒక బలమైన కారణం చూపాలి. దుఃఖం ఆ పని చేస్తుంది. పోయిన మనిషి విషయంలో తనవల్ల తప్పు జరిగిందనే భావన, లేదా ఆ మరణమే ఒక నేరమన్న అనుమానం అతనిని కదిలిస్తుంది.

అతని వద్ద అనుభవం ఉంది, తీరిక ఉంది, పాత పరిచయాలున్నాయి. లేనిది అధికారం. సోదా చేయలేడు, సాక్షిని పిలిపించలేడు, దస్త్రం అడిగి తెప్పించుకోలేడు. తెలిసి కూడా ఏమీ చేయలేని ఈ స్థితే ఇటువంటి కథలకు ప్రాణం. దుఃఖాన్ని కేవలం అలంకారంగా వాడి, రెండవ భాగానికల్లా కథానాయకుని చేతికి తుపాకీ ఇచ్చే ధారావాహికలు కూడా లేకపోలేదు. అవి పేరుకే ఈ కోవకు చెందుతాయి.

పదవీ విరమణ వయస్సు గురించి ఇక్కడ ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. అఖిల భారత సర్వీసు అయిన ఐ.పి.ఎస్. అధికారులకు అది 60 సంవత్సరాలే. కాబట్టి నగర పోలీసు కమిషనరు కంటే ఆయన క్రింద పనిచేసే కానిస్టేబులు రెండేళ్ళు ఎక్కువ కాలం ఉద్యోగంలో ఉంటాడు.

ఆంగ్ల టెలివిజన్‌లో

అమెరికా ధారావాహిక 'మంక్' (2002–2009) లో కథానాయకుడు ఏడ్రియన్ మంక్ శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో డిటెక్టివ్. భార్య ట్రూడీ కారులో అమర్చిన బాంబు పేలి మరణించగా మానసికంగా కుంగిపోయి ఉద్యోగం కోల్పోతాడు. తరువాత సలహాదారుగా అదే పోలీసులకు సహాయపడతాడు. వారానికొక కేసు పరిష్కరించే ఈ మేధావికి తన భార్య హత్య మాత్రం ఎనిమిది సీజన్ల చివరి వరకు అంతుచిక్కదు. హాస్యం పాలు ఎక్కువైనా, ఆ ఒక్క కేసు మిగిలి ఉండటమే ధారావాహికను నిలబెట్టింది. ప్రధాన పాత్రధారి టోనీ షలూబ్ మూడుసార్లు ఎమ్మీ పురస్కారం పొందాడు.

బి.బి.సి. ప్రసారం చేసిన 'న్యూ ట్రిక్స్' (2003–2015) లో పదవీ విరమణ చేసిన డిటెక్టివులను లండన్ పోలీసులు పాత, పరిష్కారం కాని కేసుల కోసం తిరిగి నియమించుకుంటారు. వారిలో జాక్ హాల్‌ఫర్డ్ (నటుడు జేమ్స్ బోలమ్) పాత్ర ప్రత్యేకంగా గమనింపదగినది. రాత్రివేళ ఇంటి తోటలో, చనిపోయిన భార్య మేరీ స్మారకం వద్ద కూర్చుని ఆనాటి కేసు విశేషాలు ఆమెకు చెప్పుకుంటాడు. మన నాటకాలలో 'స్వగతం' చేసే పని ఇక్కడ ఈ సంభాషణ చేస్తుంది. పరిశోధకుని ఆలోచన ప్రేక్షకునికి తెలియాలి. డాక్టర్ వాట్సన్ వంటి సహాయకుడు లేనప్పుడు మరణించిన భార్యే శ్రోత అవుతుంది. దుఃఖమూ, కథా నిర్వహణ అవసరమూ ఒకే సన్నివేశంలో ఒదిగిపోవడం దీని విశేషం.

స్టీఫెన్ కింగ్ నవల ఆధారంగా వచ్చిన 'మిస్టర్ మెర్సిడెస్' (2017–2019) లో విశ్రాంత డిటెక్టివ్ బిల్ హాడ్జెస్‌ను పట్టుబడని హంతకుడే రెచ్చగొడతాడు. 'ట్రూ డిటెక్టివ్' మూడవ సీజన్ (2019) మరింత లోతైనది. ఇందులో వేన్ హేస్ (నటుడు మహర్షాలా అలీ) ఒకే కేసును 1980, 1990, 2015 సంవత్సరాలలో మోస్తూ ఉంటాడు. చివరి కాలానికి అతడు వృద్ధుడు, భార్యను కోల్పోయినవాడు. జ్ఞాపకశక్తి క్రమంగా తప్పిపోతున్నవాడు కూడా. అధికారం పోయిన పరిశోధకుని కథలు ఎన్నో ఉన్నాయి కాని, అతనికి మిగిలిన ఒకే ఆస్తి అయిన జ్ఞాపకాన్ని కూడా తీసివేసి కథ నడిపినది ఇదే చెప్పుకోదగినది.

తెలుగులో పూర్వరంగం

తెలుగు అపరాధ పరిశోధక నవలలకు విస్తృత పాఠకాదరణ తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు పాఠకులకు సుపరిచితులు. యుగంధర్ తెలివిని నమ్ముకున్న పరిశోధకుడు. సొంత దుఃఖం అతని కథలకు ఇరుసు కాదు. దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన 'కరమ్‌చంద్' (1985), 'బ్యోంకేశ్ బక్షీ' (1993) వంటివీ ఈ పద్ధతిలోనివే. ఈటీవీలో దర్శకుడు వంశీ రూపొందించిన 'లేడీ డిటెక్టివ్' ధారావాహికను ఆ తరం ప్రేక్షకులు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు.

విశాఖపట్నానికి నేరసాహిత్యంలో వేరొక వారసత్వం ఉంది. ఈ నగరంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) తన 'ఆరు సారా కథలు' వంటి రచనలలో పోలీసు స్టేషనును, కోర్టును అక్కడ చిక్కుకున్న పేదల వైపు నుండి చూపించారు. వాటిలో నేరం ఎవరు చేశారన్నది పెద్ద ప్రశ్న కాదు, నేరస్థుడని ఎవరిని అంటున్నారన్నదే ప్రశ్న. డిటెక్టివ్ కథ రాసేవారు ఆయన్ను చదివితే మేలు.

తెలుగు వెబ్ ధారావాహికలలో దుఃఖం తరచు పరిశోధకునిది కాక కుటుంబానిది అవుతుంది. బి.బి.సి. వారి 'వన్ ఆఫ్ అస్' (2016) కు అనుసరణగా 2022 ఏప్రిల్ 14న జీ5లో విడుదలైన 'గాలివాన'లో హత్యకు గురైన నవదంపతుల రెండు కుటుంబాలే కథకు కేంద్రం. రాధిక, సాయికుమార్ ఇందులో ముఖ్యపాత్రలు పోషించారు. శైలేష్ కొలను దర్శకత్వంలో వచ్చిన 'హిట్: ది ఫస్ట్ కేస్' (2020) కథానాయకుడు విక్రమ్ రుద్రరాజు గతంలోని విషాదం వెంటాడుతుండగా సెలవు పెట్టిన అధికారి. అతడు విశ్రాంతుడు కాడు కాని ఈ పాత్రకు దగ్గరివాడు. దీని తరువాతి భాగం 'హిట్: ది సెకండ్ కేస్' (2022 డిసెంబరు 2) కథ విశాఖపట్నంలో జరుగుతుంది. అందులో అడివి శేష్ పోషించిన కృష్ణదేవ్ మాత్రం ఆత్మవిశ్వాసం పాలు ఎక్కువైన యువ అధికారి.

శేఖర్

2018లో మలయాళంలో ఎం.పద్మకుమార్ దర్శకత్వంలో 'జోసెఫ్' అనే చిత్రం వచ్చింది. రచయిత షాహి కబీర్ స్వయంగా పోలీసు ఉద్యోగి. ప్రధాన పాత్రధారి జోజు జార్జ్‌కు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ప్రత్యేక ప్రశంస లభించింది. దీని తెలుగు పునర్నిర్మాణమే 2022 మే 20న విడుదలైన 'శేఖర్'. జీవిత దర్శకత్వం వహించగా రాజశేఖర్ ప్రధాన పాత్ర, వారి కుమార్తె శివానీ కథానాయకుని కుమార్తె పాత్ర పోషించారు. అనూప్ రూబెన్స్ సంగీతం సమకూర్చారు. కథను అరకు లోయ ప్రాంతానికి మార్చారు. సినిమా విడుదలకు కొద్ది వారాల ముందు, 2022 ఏప్రిల్ 4న, అరకు విశాఖపట్నం జిల్లా నుండి విడిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది.

పోలీసు ఉద్యోగం వదలి ఒంటరిగా, తాగుడుకు అలవాటుపడి బ్రతుకుతున్న మనిషిని పాత సహోద్యోగులు వృద్ధ దంపతుల హత్య కేసులో సలహా కోసం పిలుస్తారు. ఇంటిలోని చిన్న చిన్న వస్తువులను చూసి అతడు నేరస్థుని గుర్తిస్తాడు. తరువాత విడిపోయిన భార్య రోడ్డు ప్రమాదంలో మరణిస్తుంది. అంతకు ముందే కుమార్తెను పోగొట్టుకున్న అతనికి ఈ రెండు మరణాల మధ్య పోలిక కనిపిస్తుంది. ప్రమాదాలు కల్పించి అవయవాల అక్రమ వ్యాపారం చేస్తున్నారని గ్రహిస్తాడు. నిరూపించే మార్గం లేక, చివరకు తన ప్రాణాన్నే సాక్ష్యంగా ఒడ్డుతాడు.

రాజశేఖర్‌కు పోలీసు పాత్రలో విశేషమైన పేరు తెచ్చినది కోడి రామకృష్ణ దర్శకత్వంలోని 'అంకుశం' (1989). అందులో ఆయన భార్యగా నటించినది జీవితే. ఆ చిత్రంలోని ఇన్‌స్పెక్టరు నడిబజారులో రౌద్రమూర్తి. 'శేఖర్'లోని మనిషి గడ్డం నెరిసి, గొంతు తగ్గి, ఎదుటివాని మాట వినేవాడు. తెలుగు చిత్రాలలో పోలీసు పాత్ర ఎక్కువగా రౌద్రరసాన్ని ఆశ్రయించగా, ఒకే నటుడు ముప్పై మూడేళ్ళ తేడాతో దానిని కరుణరసానికి తీసుకువచ్చాడని చెప్పవచ్చు.

చట్టం దృష్టిలో

కథలలో విశ్రాంత అధికారి చేసే పనులు చాలావరకు నిజజీవితంలో కేసును బాగుచేయవు సరికదా, చెడగొట్టగలవు. పదవీ విరమణ నాటినుండి అతడు చట్టం దృష్టిలో సామాన్య పౌరుడు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలుకు వీలులేని నేరం తన కళ్ళెదుట జరిగితే ఏ పౌరుడైనా నేరస్థుని పట్టుకొని ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించవచ్చు. విశ్రాంత అధికారికి ఉన్న అరెస్టు అధికారం కూడా అంతే. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు.

నేరస్థలం నుండి అతడు ఒక తల వెంట్రుకను భద్రపరచి తెచ్చినా, పంచనామా లేని ఆ వస్తువు ఎక్కడ దొరికిందన్న ప్రశ్నకు కోర్టులో సరైన సమాధానం ఉండదు. కొత్త చట్టం సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలని నిర్దేశిస్తోంది. ఏడేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలని కూడా చెబుతోంది. విశాఖపట్నంలోనైతే మరొక చిక్కు ఉంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలాలో ఉంటాయి. అనుమతి పత్రం లేని విశ్రాంత ఉద్యోగి, ఎంత పేరున్నవాడైనా, గేటు వద్దే ఆగిపోవలసినదే.

ఒక్క విషయంలో మాత్రం అధికారం లేకపోవడం అతనికి కలసివస్తుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. విశ్రాంత ఉద్యోగి పోలీసు అధికారి కాడు కనుక ఆ నిషేధం అతనికి వర్తించదు. అయితే ఇటువంటి అంగీకారాన్ని న్యాయస్థానాలు సాధారణంగా బలహీన సాక్ష్యంగా భావించి, దానిని బలపరచే ఇతర ఆధారాలు కోరతాయి.

దుఃఖంలో ఉన్న కుటుంబానికి కథానాయకుని దారి తప్ప వేరే దారి లేదని ఈ కథలు అనిపింపజేస్తాయి. చట్టంలో దారులున్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్టేషనులో నిరాకరిస్తే జిల్లా ఎస్.పి.కి లిఖితపూర్వకంగా పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా బాధితునికి, ఫిర్యాదుదారునికి పోలీసులు తెలియజేయాలి. ఆధారాలు లేవని కేసు మూసివేయబూనినప్పుడు ఫిర్యాదుదారుని వాదన వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది.

అవయవదానం: కథ, వాస్తవం

'జోసెఫ్', 'శేఖర్' చిత్రాల ముగింపు ప్రేక్షకుని కదిలిస్తుంది. అదే సమయంలో ఆసుపత్రి బయట నిర్ణయం తీసుకోవలసిన కుటుంబం మనస్సులో అనుమానం కూడా నాటగలదు. కాబట్టి అసలు పద్ధతి తెలిసి ఉండటం అవసరం. అవయవ మార్పిడిపై కేంద్ర చట్టం 1994లోనూ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1995లోనూ వచ్చాయి. జీవన్మృతిని ఒక్క వైద్యుడు ప్రకటించడానికి వీలులేదు. నలుగురు వైద్యుల మండలి, కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ నలుగురిలో అవయవాన్ని తీసే లేదా అమర్చే శస్త్రవైద్యులు ఉండరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రారంభమైన 'జీవన్‌దాన్' పథకం క్రింద, పేర్లు నమోదు చేసుకొని వేచి ఉన్న రోగుల జాబితా ప్రకారం అవయవాలను కేటాయిస్తారు. సినిమాలో చూపిన నేరం జరగాలంటే ఈ అంచెలన్నీ ఒకేసారి కుమ్మక్కు కావాలి.

జీవన్మృతిని ధ్రువీకరించిన తరువాత కూడా దగ్గరి బంధువుల లిఖితపూర్వక అంగీకారం లేనిదే అవయవాలు తీయరాదు. వారు నిరాకరించవచ్చు, కొన్ని అవయవాలకే అంగీకరించవచ్చు. రోడ్డు ప్రమాదాల వంటి శవపరీక్ష తప్పనిసరి అయిన కేసులలో, అవయవాల సేకరణ వల్ల మరణకారణ నిర్ధారణకు భంగం కలగకుండా చూడాలి. 'శేఖర్' కథలోని తండ్రికి అనుమానం కలిగిన చోట, నిజజీవితంలో కుటుంబం మొదట అడగవలసినవి వైద్యుల మండలి ధ్రువపత్రం, శవపరీక్ష నివేదిక నకళ్ళు.