సియాహనామా భద్రమేనా?

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతున్నాను. మా వీధిలో అందరూ ఆపా అని పిలిచే ఒక పెద్దావిడ గోడ పక్కన నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో రేషన్ కార్డు, ఆధార్, భర్త మరణ ధ్రువీకరణ పత్రం, నాలుగైదు ఫోటోలు.

"మౌల్వీ సాబ్, నాకు పెండ్లి అయినట్టు కాయితం తెమ్మంటున్నరు. నలుగురు పిల్లల్ని కన్న. ఇంకేం రుజువు కావాలె?" అంది.

ఆమె భర్త ఒక ఆఫీసులో చిరుద్యోగి. రెండేళ్ల కిందట అల్లాహ్ పిలుపు అందుకున్నాడు. కుటుంబ పింఛను కోసం వెళితే పెళ్లి రుజువు అడిగారు. సియాహనామా ఉండేదట. ఇనుప పెట్టెలో అడుగున పెట్టారట. తీసి చూస్తే చెదలు తినగా మిగిలిన పొడి మాత్రమే చేతికి వచ్చింది.

ఇది ఆపా ఒక్కరి బాధ కాదు. మన ఇళ్లలో నికా జరుగుతుంది, ఖర్జూరాలు పంచుతాం, విందు తింటాం. ఖాజీ గారు ఇచ్చిన కాగితం ఎవరి జేబులోకి వెళ్లిందో ఆ రాత్రే మరచిపోతాం. ముప్పై ఏళ్ల తర్వాత ఒక ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డప్పుడు అది గుర్తుకొస్తుంది.

వెతకవలసిన ఊరు ఏది?

ఆపా పిల్లలు అప్పటికే జహీరాబాద్‌లో రెండు నెలలు తిరిగారు. దొరకలేదు. నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఆపా, నికా ఎక్కడ చదివారు?" ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. నికా అక్కడే జరిగింది. మరి రికార్డు జహీరాబాద్‌లో ఎలా దొరుకుతుంది?

చాలామంది చేసే పొరపాటు ఇదే. భర్త ఊళ్లో వెతుకుతారు. మన దగ్గర నికా ఎక్కువగా అమ్మాయి ఇంటి దగ్గరే జరుగుతుంది. ఆ ప్రాంతపు ఖాజీ గారో, ఆయన తరఫున వచ్చే నాయబ్ ఖాజీయో రిజిస్టరులో రాస్తారు. కాబట్టి నికా ఏ ఊళ్లో జరిగిందో అక్కడి ఖాజీ దఫ్తర్ మొదటి గడప. ఆ ఖాజీ గారు కాలం చేసి ఉంటే, ఆయన తర్వాత ఆ బాధ్యత ఎవరికి వచ్చిందో వారిని అడగాలి. పాత రిజిస్టర్లు సాధారణంగా వారి దగ్గరే ఉంటాయి.

సియాహనామా ప్రతులు వధువు పక్షానికి, వరుడి పక్షానికి ఇచ్చి, ఒకటి ఖాజీ దఫ్తర్‌లో ఉంచుకుని, మరొకటి వక్ఫ్ బోర్డుకు పంపడం మన హైదరాబాద్ వైపు ఆనవాయితీ. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఉంది. అక్కడికి చేరిన ప్రతుల ఆధారంగానే ఎన్నో ఏళ్లుగా ఆంగ్లంలో వివాహ ధ్రువపత్రాలు జారీ అవుతూ వచ్చాయి. ఖాజీ రిజిస్టర్ పాడైపోయినా ఈ రెండో దారి ఉంటుంది. బయలుదేరే ముందు ఏయే కాగితాలు కావాలో కనుక్కుని వెళితే బస్సు చార్జీలు మిగులుతాయి.

హద్దులు మారాయి, కాగితాలు మారలేదు

మన ప్రాంతం వారికి మరో చిక్కు ఉంది. 1956 నవంబరు 1కి ముందు జహీరాబాద్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ అటు మైసూరు రాష్ట్రానికి పోయింది. జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం ఇటు మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది, మొగుడంపల్లి మండల కేంద్రమైంది. అంటే తాత నికా కాగితం మీద బీదర్ జిల్లా అని, తండ్రి కాగితం మీద మెదక్ అని, మనవడి కాగితం మీద సంగారెడ్డి అని ఉండవచ్చు. ముగ్గురిదీ ఒకే ఇల్లు. గుమస్తా ప్రశ్నిస్తే కంగారు పడకుండా ఈ సంగతి చెప్పాలి.

తేదీ గుర్తు లేకపోతే

"ఎండకాలం, రంజాన్ అయినంక" అంది ఆపా. అంతకు మించి గుర్తు లేదు. పెద్ద కూతురి బడి సర్టిఫికెట్ తీయించాను. 1989 ఆగస్టు అని ఉంది. అయితే నికా 1988 వేసవిలో జరిగి ఉండాలి. ఆ ఏడాది షవ్వాల్ నెల మే, జూన్ మధ్య వచ్చింది. హిజ్రీ 1408. మొత్తం రిజిస్టర్ తిరగేయవలసిన పని లేకుండా ఒక నెల పుటలకు వచ్చి ఆగాం.

మన పెద్దలు తేదీలు మరచిపోతారు గానీ పండుగలు మరచిపోరు. షబే బరాత్‌కు ముందా, బక్రీద్ తర్వాతా, వానలు పడుతున్నాయా అని అడిగితే చాలు. హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. కాబట్టి నెల, రుతువు రెండూ తెలిస్తే సంవత్సరాన్ని దగ్గరగా పట్టుకోవచ్చు. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపాలి. ఫసలీ 1357 అంటే సుమారు 1947-48.

పేర్ల విషయంలోనూ ఓపిక కావాలి. ఆపా పేరు రిజిస్టరులో "బీ" అని ముగిసింది, ఆధార్‌లో "బేగం" అని ఉంది. తండ్రి పేరు, వకీల్ పేరు, ఇద్దరు సాక్షుల పేర్లు చూసి పోల్చుకున్నాం. తర్వాత రెండు పేర్లూ ఒకరివేనని ప్రమాణపత్రం ఇవ్వవలసి వచ్చింది.

చదివి వినిపించిన రోజు

ఖాజీ గారు చనిపోయి చాలా ఏళ్లయింది. రిజిస్టర్లు కొడుకు దగ్గర ఉన్నాయి. ఆయన గుడ్డలో చుట్టిన పుస్తకం విప్పాడు. అంతా ఉర్దూలో ఉంది. ఆపాకు ఉర్దూ మాట వచ్చు, రాత రాదు. పిల్లలు తెలుగు మీడియం. నేనే గట్టిగా చదివాను. వరుడి పేరు, వధువు పేరు, వయసులు, వకీల్, గవాహీలు. ఆ తర్వాత మెహర్: పదకొండు వందల రూపాయలు, రెండు దీనారె సుర్ఖ్.

ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "జనాజా లేపేటప్పుడు మాఫ్ చేసిన అని చెప్పమన్నరు. చెప్పిన. ఎంత మాఫ్ చేసిన్నో ఇయ్యాల తెలిసింది."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మెహర్ భార్య హక్కు. చెల్లించకపోతే అది భర్త మీద అప్పు. ఆస్తి వారసులు పంచుకోవడానికి ముందే తీర్చవలసిన అప్పు. దివ్యఖుర్ఆన్‌లో సూరె బఖరా 282వ ఆయత్ అప్పులను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తుంది. మనం రాశాం. సాక్షులనూ పెట్టాం. కానీ ఎవరి హక్కు రాశామో ఆమెకు చదివి చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ వేరు, లైసెన్స్ వేరు

నా పాత విద్యార్థి ఒకడు మొన్న అడిగాడు: "ఉస్తాద్, పెళ్లికి లైసెన్స్ ఎక్కడ ఇస్తారు?" వాడి తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. అక్కడి పద్ధతి వేరు. ముందు స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో లైసెన్స్ తీసుకోవాలి. నికా చదివించిన వారు దాని మీద సంతకం చేసి తిరిగి పంపాలి. అప్పుడు పెళ్లి ప్రభుత్వ రికార్డుకు ఎక్కుతుంది. అక్కడ ఉన్న మన పిల్లలు మసీదులో నికా చేసుకుని ఊరుకుంటే తర్వాత చిక్కుల్లో పడతారు.

మన దేశంలో నికాకు ముందు లైసెన్స్ అంటూ లేదు. నికా తర్వాత నమోదు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చేసిన వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. తెలంగాణలోనూ అదే కొనసాగింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కూడా ఏ మతం వారి పెళ్లయినా నమోదు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఊళ్లో ఉన్నవారు ముందుగా పంచాయతీ కార్యదర్శిని అడగాలి. నమోదు కానంత మాత్రాన నికా చెల్లకుండా పోదు. కానీ రుజువు చేసుకునే భారం మన నెత్తిన పడుతుంది.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మరో దారి. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది. ఆ చట్టం కింద పెళ్లి నమోదు చేయించుకుంటే వారసత్వం షరీఅత్ ప్రకారం కాక భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఈ తేడా తెలుసుకుని అడుగు వేయాలి.

1880 నాటి ఖాజీల చట్టం ప్రకారం నికాకు ప్రభుత్వం నియమించిన ఖాజీ ఉండి తీరాలన్న నియమం లేదు. అయినా పెద్దలు ఖాజీని ఎందుకు పిలుస్తారు? ఆయన రిజిస్టర్ కోసం. ఎవరితోనో చదివించి తెల్లకాగితం మీద రాయించుకున్న నికాకు రేపు నకలు ఇచ్చేవారు ఉండరు.

అవసరాలు ఊరికే రావు

గల్ఫ్‌కు భార్యను తీసుకువెళ్లాలంటే ఈ కాగితం కావాలి. దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఒమన్, బహ్రెయిన్‌లకు, 2022 డిసెంబరు నుంచి సౌదీకి కూడా అపొస్టిల్ అనే ముద్ర సరిపోతుంది. ఎమిరేట్స్, కువైట్, ఖతర్‌లకైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. 2014 అక్టోబరు 2న మొదలై, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగిన షాదీ ముబారక్ సాయానికీ పెళ్లి రుజువు, వధువుకు 18 ఏళ్లు నిండిన రుజువు అడుగుతారు.

సియాహనామా అసలే దొరకని వారు నిరాశ పడనవసరం లేదు. బతికి ఉన్న సాక్షులు, రేషన్ కార్డు, పిల్లల బడి రికార్డులు, కలిసి కాపురం చేసిన ఏళ్లు కోర్టులో సాక్ష్యానికి పనికొస్తాయి. కానీ అది పొడవైన దారి.

నాలుగు పనులు

ఈ రోజు ఇంటికి వెళ్లి పెట్టె తెరవండి. సియాహనామా ఉంటే రెండు నకళ్లు తీయించి, ఒకటి అమ్మాయి పుట్టింట్లో ఉంచండి. లేకపోతే నికా జరిగిన ఊరు, హిజ్రీ నెల, సాక్షుల పేర్లు పెద్దలు బతికి ఉండగానే రాసుకోండి. కొత్తగా నికా జరుగుతుంటే, సంతకాలకు ముందే పేర్లు ఆధార్‌లో ఉన్నట్టు రాయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాగితంలో మెహర్ ఎంత రాశారో వధువుకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి.

ఆపాకు పింఛను మంజూరయింది. నకలును పెద్ద కూతురు అద్దం కట్టించింది. పోయిన నెల ఆమె మనవరాలి నికా జరిగింది. ఖాజీ గారు సంతకాలకు కాగితం చాపగానే ఆపా లేచి నిలబడింది.

"ఆగుండ్రి సాబ్. ముందుగాల పిల్లకు తెలుగులో చదివి చెప్పుండ్రి" అంది.

మజ్లిస్ అంతా నిశ్శబ్దమైంది. ఖాజీ గారు కళ్లద్దాలు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి చదివి చెప్పారు.